పోతే నట్టే పోవాలి

2024 సెప్టెంబర్ 11, బుధవారం

విజయవాడ సింగ్‌నగర్‌లో చాలా వీధుల్లో వరద నీళ్లు తీశాయి. బండ్లు రావడం మొదలైంది. పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి బయట వరసగా కార్లు, ఒక టాటా ఏస్, తాడు కట్టి లాక్కొచ్చిన ఓ పాత బొలేరో. అన్నిటికీ అద్దాల కింద బురద గీత. బుడమేరు వాగు ఏ వీధిలో ఎంత ఎత్తు నిలిచిందో బండి తలుపు చూసి చెప్పొచ్చు.

ఆటోనగర్‌లో ఎవరి పని వాళ్లది. ఇంజను వాళ్లకి ఇంజను, వైరింగు వాళ్లకి వైరింగు. నా దగ్గరికి పంపేవి చక్రం తిరగనివి, చక్రం ఊడనివి. హ్యాండ్ బ్రేకు వేసి మేడెక్కినవాళ్ల బండ్లకి బ్రేకు లైనింగు డ్రమ్ముని పట్టేసింది. లోపల బాగుచేద్దామంటే ముందు చక్రం ఊడాలి. చక్రం ఊడాలంటే నట్లు రావాలి. కథంతా ఆ నట్ల దగ్గరే.

మా కుర్రాడు అడిగాడు: "వారం రోజులు నీళ్లలో నానింది కదా బాబాయ్, వదులవ్వాలి గానీ బిగుసుకోవడమేంటి?" తుప్పుకి నీళ్లొక్కటే చాలవు, గాలి కూడా కావాలి. చక్రం నిలువునా మునిగున్నన్నాళ్లూ నట్టు దాకా గాలి చేరేది తక్కువ. నీళ్లు తీశాక తడి ఆరీ ఆరకుండా ఉన్న రోజుల్లోనే అసలు నష్టం జరిగింది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. నట్టు మరకీ, అది ఎక్కే స్టడ్డు మరకీ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. ఆ సందులో తుప్పు ఉబ్బితే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.

దానికి తోడు ఒండ్రు. ఇసుక కలిసిన ఆ మట్టి మర మెట్లలో ఉండగా నట్టు తిప్పితే, నట్టు బయటికొచ్చేలోపు మర మొత్తం నూరుకుపోతుంది. అందుకని ఇవాళ ఎవణ్నీ పానా పట్టనివ్వలేదు. ముందు నీళ్ల ప్రెషర్‌తో కడగడం, గాలి కొట్టడం, నట్టు బయటికి కనబడే మర మెట్లని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దడం. ఆ తర్వాత నూనె.

నూనెల్లోనూ తేడా ఉంది. అందరూ అడిగే డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో తయారుచేసింది రాకెట్ల పనికి, లోహం మీద తడిని తోసేసి తుప్పు రాకుండా ఆపడానికి. వరద బండికి మొదటి చేతిగా అది మంచిదే. పట్టేసిన మర లోపలికి పాకడానికి మాత్రం వేరే పెనిట్రేటింగ్ ఆయిల్ కావాలి. అది లేనప్పుడు పవర్ స్టీరింగులో పోసే ఏటీఎఫ్, ఎసిటోన్ సమంగా కలిపి వాడతాం. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, వెల్డింగు దరిదాపుల్లో ఆ డబ్బా ఉండకూడదు. పోశాక సుత్తితో నట్టు నెత్తిన నాలుగు చిన్న దెబ్బలు. ఆ అదురుకి తుప్పు పగుళ్లిస్తుంది, నూనె దారి చూసుకుంటుంది. రాత్రంతా నాననివ్వాలి.

సెప్టెంబర్ 13, శుక్రవారం

నానబెట్టినవాటిలో ఎక్కువ భాగం పొద్దున్నే మాట విన్నాయి. కీచుమని ఒక అరుపు, ఆ పైన తేలిగ్గా తిరిగాయి. సగం తిరిగి బిగిసినవాటిని మళ్లీ వెనక్కి బిగించి, నూనె పోసి, మళ్లీ విప్పించాను. ముందుకో చుట్టు, వెనక్కి అర చుట్టు. పొడి తుప్పు ఒకవైపే పేరుకోకుండా ఉంటుంది.

వినని వాటిలో సగం వరద వల్ల చెడ్డవి కావు. ఓ చిన్న మారుతీ కారుకి నట్టు మూలలన్నీ ఎప్పుడో అరిగి గుండ్రంగా అయిపోయాయి. సొంతదారు బ్యాంకులో చేస్తారట. "నేనసలు ఎప్పుడూ ముట్టుకోలేదండీ, పంక్చర్ వేసేవాళ్లే బిగించారు" అన్నారు. నిజమే అయ్యుంటుంది.

లెక్క కట్టి చూపిస్తే తప్ప కుర్రాళ్లకి ఎక్కదు. చిన్న కారు నట్టుకి కావలసిన బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. కారుతో ఇచ్చే వీల్ పానా పావు మీటరు పొడవుంటే, చివర 40 కిలోల బరువుతో నొక్కితే ఆ బిగింపు వచ్చేస్తుంది. డెబ్భై కిలోల మనిషి దాని మీదెక్కి నిలబడితే 170 దాటుతుంది. ఎగిరి తొక్కితే ఇంకా ఎంతో. పంక్చరు షాపుల్లో ఎయిర్ గన్ను టకటకటక అని ఆగకుండా కొడుతున్నంతసేపూ అది బిగిస్తూనే ఉంటుంది. ఆ టకటకలో 300, 400 దాటిపోయినా చేతికి తెలియదు. చేతికి తెలియకపోవడమే గన్నుతో వచ్చిన చిక్కు. స్టడ్డు సాగుతుంది, మర మెట్లు వంగుతాయి. విప్పే రోజున నింద మాత్రం విప్పేవాడి మీద పడుతుంది.

మూలలు పోవడానికి రెండో కారణం సాకెట్టు. మారుతీకి 19, హ్యుందాయికి 21. వదులుగా ఉన్న పానా, పన్నెండు మూలల సాకెట్టు నట్టు కొసల మీద ఆనుతాయి. ఆరు మూలల సాకెట్టు నట్టు పలకల మీద ఆనుతుంది. బిగుసుకున్న నట్టుకి పన్నెండు మూలల దాన్ని తగిలించడమంటే దాని మూలల్ని చేజేతులా చెక్కడమే. షెడ్డులో ఉన్న పన్నెండు మూలల సాకెట్లన్నీ ఇవాళ వేరే డబ్బాలో వేయించాను. వాటికీ పని ఉంది, అది వేరే.

సెప్టెంబర్ 16, సోమవారం

ఏది పోతే ఎన్ని రూపాయలో గోడ మీద సుద్దముక్కతో రాశాను, కుర్రాళ్లు అడగకుండా చదువుకునేలా:

నట్టు: పదుల్లో.
స్టడ్డు: వందల్లో.
రిమ్ము: వేలల్లో.
హబ్బు, బేరింగుతో కలిపి: ఇంకా పైన.
మనిషి: రేటు లేదు.

చెడ్డ నట్టు తీయడమంటే ఈ వరసని కాపాడడం. రానని మొండికేసినప్పుడు ఏదో ఒకటి పోవడం ఖాయం. ఏది పోవాలో పానా ఎత్తకముందే తేల్చుకోవాలి. పని తెలియనివాడు అన్నిటినీ కాపాడబోతాడు. నట్టుని కాపాడబోయి స్టడ్డు విరుస్తాడు, స్టడ్డుని కాపాడబోయి రిమ్ము చెక్కుతాడు. నేనైతే మూలలు పోయిన నట్టుని మొదటి చూపులోనే చచ్చినదాని కింద జమకట్టేస్తాను. ఆ తర్వాత దానిమీద దయ చూపించే పని లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. బెడిసిన ప్రతి ప్రయత్నం కొంత లోహాన్ని తీసుకుపోతుంది. మూడుసార్లు సాకెట్టు జారిన నట్టు మీద నాలుగోదానికి పట్టు మిగలదు. అందుకే గట్టి ఉపాయాన్ని చివరికంటా దాచుకోకూడదు, పట్టు ఉండగానే వాడాలి.

నా వరస ఇది. కొంచెం అరిగినదానికి సరైన కొలత ఆరు మూలల సాకెట్టు, పొడవాటి రాడ్డు, కుదుపు లేకుండా నిదానంగా బరువు. బాగా అరిగితే ఒక సైజు చిన్నది, పన్నెండు మూలలది, పాత డబ్బాలోది తీసి సమ్మెటతో నట్టు మీదికి దిగ్గొట్టడం. పళ్లు లోహాన్ని కోసుకుంటూ దిగి పట్టుకుంటాయి. లేదా లోపల ఎడమ మెలిక పళ్లున్న ట్విస్ట్ సాకెట్టు. అది విప్పేవైపు తిప్పుతున్నకొద్దీ మరింత కరుస్తుంది. పని అయ్యాక నట్టు సాకెట్టులోనే ఇరుక్కుంటుంది, వెనకనుంచి పొడిచి తీసుకోవాలి. అదీ కాకపోతే నట్టు చీల్చే స్ప్లిట్టర్, లేదంటే ఉలి. ఉలి దెబ్బ నట్టు పలక మీద, స్టడ్డుకి సమాంతరంగా పడాలి, స్టడ్డు వైపుకి కాదు. అల్లాయ్ చక్రాల్లో నట్టు లోతైన గుంటలో ఉంటుంది, ఉలికి చోటుండదు. అక్కడ ట్విస్ట్ సాకెట్టే దిక్కు.

సాయంత్రం ఓ కారు వచ్చింది. దొంగల భయానికి వేయించిన లాక్ నట్లు, వాటి తాళం సాకెట్టు మాత్రం వరదలో కొట్టుకుపోయింది. చక్రాలు భద్రంగా ఉన్నాయి, సొంతదారుకి కూడా చిక్కడం లేదు. నాలుగూ దిగ్గొట్టే పద్ధతిలోనే వచ్చాయి. వాటి చోట మామూలు నట్లు వేయించుకుని వెళ్లాడు.

సెప్టెంబర్ 19, గురువారం

లారీ డ్రైవరు ఒకాయన వచ్చాడు. వెనక జంట చక్రం, రెండు నట్లు కదలడం లేదు. "గ్యాసుతో ఎర్రగా కాల్చండి మేస్త్రీ, ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. మా ఊళ్లో అలాగే తీస్తారు" అన్నాడు. వస్తాయి, నిజమే. కాల్చిన నట్టు వ్యాకోచిస్తుంది, మరలో తుప్పు చిట్లుతుంది. నేను మాత్రం కాల్చనన్నాను. చులకనగా చూశాడు.

కారణం నట్టులో లేదు, టైరులో ఉంది. రిమ్ము వేడెక్కితే దానికి ఆనుకున్న రబ్బరు లోపల ఉడుకుతుంది, అంటుకునే వాయువులు పుడతాయి. లోపల గాలి ఎటూ ఉంది. మంట తీసేశాక కూడా ఆ ఉడుకు సాగుతూనే ఉంటుంది. పేలిందంటే టైరు తట్టుకునే ఒత్తిడికి ఎన్నో రెట్లు. ప్రపంచమంతటా టైరు షాపుల్లో ఇలా మనుషులు పోయారు. "గాలి తీసేస్తే సరిపోదా?" అన్నాడు. వాల్వు పిన్ను ఊడబీకినా ఆ సన్నటి రంధ్రం పేలుడుని వదిలించలేదు. టైరు అంచుని రిమ్ము నుంచి రెండువైపులా విడదీయాలి, మేలైన దారి టైరుని అసలే లేకుండా చేయడం. నట్టు రాకుండా టైరు ఎలా తీస్తామన్న ప్రశ్న సరైనదే. అందుకే లారీ నట్టుకి నా దారి వేరు.

లారీ నట్టుకి 600 న్యూటన్ మీటర్ల దాకా బిగింపు ఉంటుంది. దానికి పైపు తొడిగి నలుగురు వేలాడడం మోటు పద్ధతి, పైపు జారితే దవడ పోతుంది. గేర్లుండే టార్క్ మల్టిప్లయరు తెచ్చి, దాని కాలు పక్క నట్టుకి ఆనించి, ఒక్క చేత్తో హ్యాండిలు తిప్పాం. ఒకటి కదిలింది. రెండోదాన్ని హైడ్రాలిక్ స్ప్లిట్టర్‌తో చీల్చాం. నిప్పు పెట్టినదానికంటే టైము ఎక్కువే పట్టింది. డ్రైవరు టీ తాగి వచ్చి, చీలిన నట్టుని చేతిలోకి తీసుకుని, "ఇదే మా వాళ్లకి చూపిస్తా" అని జేబులో వేసుకున్నాడు.

నిప్పు తప్పదనుకుంటే టైరు లేని హబ్బు మీద, విరిగిన స్టడ్డు మీద. అప్పుడు కూడా బేరింగు గ్రీజు కారిపోతుందని, ఏబీఎస్ సెన్సరు పక్కనే ఉందని గుర్తుంచుకోవాలి.

సెప్టెంబర్ 22, ఆదివారం

సెలవు రోజున సరదా పని. నూజివీడు వైపు మామిడి తోటల ఆయన తాతగారి కాలం నాటి విల్లీస్ జీపు తెచ్చారు. మహీంద్రా వాళ్లు 1947లో మొదలుపెట్టింది ఈ విల్లీస్‌తోనే. కుడివైపు చక్రాలు ఇట్టే ఊడాయి. ఎడమవైపు నట్టుతో ఇద్దరు కుర్రాళ్లు పైపు వేసి కుస్తీ పడుతున్నారు. ఒకడు "బాబాయ్, ఇది వరద బండి కంటే మొండిది" అన్నాడు.

ఆపి, గుడ్డతో మడ్డి తుడిపించాను. స్టడ్డు కొసన చిన్నగా ఇంగ్లీషు ఎల్ అక్షరం. ఎడమ మర. వాళ్లు విప్పుతున్నామనుకుంటూ బిగిస్తున్నారు. పానా తిరగేసి చిన్నగా ఒత్తితే వచ్చేసింది. ఇంకో రెండు పట్లు పట్టుంటే స్టడ్డు తెగేది, ఆ స్టడ్డు ఇప్పుడు బజార్లో దొరకదు.

ఎడమ చక్రానికి ఎడమ మర ఎందుకంటే, బండి ముందుకి నడుస్తున్నప్పుడు బరువు నట్టు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. సందు ఉన్న చోట ఆ తిరుగుడు నట్టుని కొద్దికొద్దిగా దొర్లిస్తుంది. ఎడమవైపు కుడి మర ఉంటే ఆ దొర్లుడు విప్పేవైపుకి పోతుంది. సైకిలు షాపువాళ్లకి ఇది చిన్నప్పటినుంచీ తెలుసు: ఎడమ పెడలుది ఎడమ మరే. తర్వాత్తర్వాత నట్టు అడుగు శంఖంలా ఏటవాలుగా చేసి, రిమ్ము గుంటలో సందు లేకుండా కూర్చోబెట్టి, సరైన బిగింపు ఇస్తే చాలునని తేలింది. కొత్త బండ్లకి రెండు వైపులా కుడి మరే. పాత జీపులు, పాత తరం లారీలు వస్తే మాత్రం ఎడమవైపు ముందు చూపు, తర్వాత చెయ్యి.

సెప్టెంబర్ 26, గురువారం

రాత్రి మేనల్లుడి ఫోను, మిషిగన్ నుంచి. కార్ల కంపెనీలో ఇంజనీరు, సొంత కారు చక్రం ఊడక ఫోను చేశాడు. "నవ్వకు మావయ్యా" అన్నాడు ముందే.

అక్కడి జబ్బు వేరు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి తగిలి చక్రం వెళ్లి హబ్బుకి అతుక్కుంటుంది. పైగా రిమ్ము అల్యూమినియం, హబ్బు ఇనుము. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా ఉబ్బి బిగదీస్తుంది. నట్లన్నీ తీసేసినా చక్రం కదలదు.

నట్లతోనూ ఇంకో తంటా చెప్పాడు. లోపల మామూలు నట్టు, పైన మెరుపు కోసం పల్చటి స్టీలు తొడుగు. తొడుగు కిందికి నీళ్లు దిగి తుప్పు ఉబ్బితే నట్టు లావెక్కుతుంది. 21 సాకెట్టు పట్టదు, 22 జారుతుంది. ఉలితో తొడుగు అంచు చీల్చి ఒలిచెయ్యమన్నాను. లోపల దొరికే నట్టు చిన్నది, దాని కొలతకి వేరే సాకెట్టు. తీశాక అన్నిటినీ మార్చెయ్, తొడుగు లేనివి, ఒకే దిమ్మ నట్లు తెచ్చుకో అన్నాను.

అతుక్కున్న చక్రానికి ఉపాయం: నట్లన్నీ ఒక చుట్టు వదులు చేసి, ఊడదీయకుండా ఉంచి, జాకీ దించి, బండిని ఖాళీ చోట అడుగు ముందుకి, అడుగు వెనక్కి నడిపి బ్రేకు వెయ్. బండి బరువే చక్రాన్ని విడదీస్తుంది, నట్లు ఉన్నాయి కాబట్టి చక్రం పడిపోదు. జాకీ మీదున్న బండిని కాలితో తన్నడం మాత్రం వద్దు. తర్వాత హబ్బు ముఖం బ్రష్షుతో శుభ్రం చేసి, మధ్య వలయానికి మాత్రం పల్చగా గ్రీజు రాయమన్నాను. స్టడ్ల మీద వద్దని రెండుసార్లు చెప్పాను.

వాళ్లావిడది జర్మన్ కారట. దానికి స్టడ్లుండవు, బోల్టే నేరుగా హబ్బులోకి దిగుతుంది. ఇక్కడ స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కూడా అంతే: 17 తల, 14 మిల్లీమీటర్ల బోల్టు, బిగింపు 120. అందులో బోల్టు తల అరిగితే నష్టం చిన్నదే, ఎందుకంటే బోల్టే మారుస్తాం. మర పోతే మాత్రం హబ్బు మరే పోయినట్టు. గోడ మీది పట్టికలో రెండు మెట్లు ఒక్కసారే ఎక్కేస్తాం.

సెప్టెంబర్ 30, సోమవారం

పాత బొలేరో వంతు వచ్చింది. సొంతదారు కూరగాయల వ్యాపారి. ఇల్లు, సరుకు, తూకాలు అన్నీ నీళ్లపాలు. బండి ఒక్కటే మిగిలిందని రోజూ ఫోను చేస్తున్నాడు. నాలుగు నట్లు వచ్చాయి. ఐదోది తిరుగుతుంది గానీ రాదు. తిప్పుతుంటే స్టడ్డు కూడా దాంతోపాటే తిరుగుతోంది.

చక్రాల పనిలో నాకు అన్నిటికంటే గడ్డుది ఇదే. స్టడ్డు తల హబ్బు వెనక ఉంటుంది. దాని మెడ చుట్టూ ఉండే గాట్లే హబ్బు రంధ్రంలో కరుచుకుని తిరగకుండా పట్టి ఉంచుతాయి. గాట్లు అరిగితే పట్టు లేదు. వెనకనుంచి పట్టుకుందామంటే అడ్డంగా చక్రం. చక్రం తీద్దామంటే ఈ నట్టు.

"గ్యాసు కట్టరుతో కోసి పారెయ్యండి సార్, నాకు రేపు మార్కెట్టు ఉంది" అన్నాడు. కోస్తే రిమ్ము పోతుంది, టైరు సంగతి సరేసరి. ఇవాళ్టి అతని పరిస్థితిలో వేలు అంటే వేలే. నట్టూ స్టడ్డూ పోతాయి, రిమ్ము పోదు అని చెప్పి కూర్చోబెట్టాను.

మొదట రిమ్ముకీ డ్రమ్ముకీ మధ్య రెండు వైపులా గడ్డపార మొనలు దూర్చి చక్రాన్ని బయటికి ఎత్తిపట్టించాను. అలా లాగి ఉంచితే స్టడ్డు తల హబ్బుని గట్టిగా ఆనుకుంటుంది, కొన్నిసార్లు ఆ ఆనుడు సరిపోయి నట్టు విడిపోతుంది. అర చుట్టు వచ్చి మళ్లీ మొదటికి వచ్చింది. సరే, రెండో దారి. నట్టుకి పానా తగిలించి దాని తోకని నేలకి ఆనించాం, తిరగకుండా. నట్టు గోడలో, మరకి పక్కగా, స్టడ్డుకి సమాంతరంగా సెంటర్ పంచితో గుర్తు పెట్టి డ్రిల్లు. ముందు సన్నది, తర్వాత కాస్త లావు, తర్వాత ఇంకాస్త. మధ్యమధ్య నూనె, స్పీడు తక్కువ. పొడి కాకుండా పొడవాటి చుట్టలు వస్తుంటే డ్రిల్లు కోస్తున్నట్టు. రిమ్ము మెరుపు కనబడకముందే ఆపాలి. ఎదురు గోడలోనూ అలాగే. ఆ రంధ్రం మీద ఉలి పెట్టి సమ్మెటతో మూడు దెబ్బలు. నట్టు టప్పున చీలింది.

హబ్బు రంధ్రం కొలిచి చూస్తే పెద్దగా చెడలేదు, కొత్త స్టడ్డు గాట్లకి పట్టు ఉంది. వెనకనుంచి దూర్చి, ముందు మందపాటి వాషర్లు వేసి, ఇంకో పాత నట్టు తిరగేసి బిగిస్తూ లోపలికి లాగించాం. దీపాలు పెట్టే వేళకి బండి నడిచింది. నూరు కిలోమీటర్లు తిరిగాక తప్పకుండా రావాలని చెప్పాను. అలా చెబితే ఎవరూ రారు.

అక్టోబర్ 4, శుక్రవారం

విరిగిన స్టడ్డు హబ్బులో ఉండిపోతే పుస్తకాలు చెప్పేది ఈజీ అవుట్. మధ్యలో రంధ్రం చేసి, ఎడమ మెలిక ముల్లు దింపి తిప్పడం. పేరులో ఉన్న తేలిక పనిలో ఉండదు. ఆ ముల్లు గట్టి ఉక్కు, పెళుసు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని తాకలేదు. వందల్లో తేలే పని వేలల్లోకి ఎక్కుతుంది.

నాకు నచ్చింది వెల్డింగే. టైరు ఎటూ ఉండదు కాబట్టి నిప్పుకి భయం లేదు. మిగిలిన మొండెం మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపలినుంచి మొండేనికి వెల్డింగు నింపాలి. ఎర్రదనం పోయేదాకా ఆగి పానా వేస్తే, పట్టు పుట్టింది, వేడికి తుప్పూ చిట్లింది. రెండు పనులు ఒక్క దెబ్బకి. ముందునుంచి కొట్టి వెనక్కి తీసే స్టడ్డయితే ఇవేవీ అక్కర్లేదు, డ్రమ్ము తీసి సుత్తి దెబ్బ చాలు. ముందు అది చూసుకోకుండా డ్రిల్లు తీసేవాళ్లని చూశాను.

అక్టోబర్ 7, సోమవారం

వరద బండ్లు తగ్గుముఖం పట్టాయి. ఇవాళంతా బిగించడం గురించే వాదన. కుర్రాడు కొత్త నట్లకి గ్రీజు పూస్తున్నాడు, "మళ్లీ విప్పేటప్పుడు సుఖంగా ఉంటుంది కదా" అని. ఉద్దేశం మంచిదే. అయితే మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే చక్రాన్ని పట్టి ఉంచే లాగుడుగా మారుతుంది. మిగతాదంతా నట్టు అడుగున, మర మెట్లలో రాపిడికి ఖర్చవుతుంది. కంపెనీ రాసిన అంకె పొడి మరకి. గ్రీజు పూస్తే రాపిడి తగ్గి, అదే అంకెకి స్టడ్డు చాలా ఎక్కువ సాగుతుంది. పానా మీద 100 కనబడుతుంది, స్టడ్డు లోపల లెక్క వేరు.

పద్ధతి రాయించాను. మర శుభ్రంగా, పొడిగా. నట్టు ఆనే చోట రంగు, మడ్డి ఉండకూడదు, రంగు నలిగితే బిగింపు జారుతుంది. మొదటి మూడు నాలుగు చుట్లు చేతి వేళ్లతోనే. వేళ్లకి ఎదురుతిరిగితే అడ్డమర పడుతున్నట్టు, వెనక్కి తియ్. తర్వాత ఎదురెదురుగా బిగించడం, పక్కపక్కవి కాదు. జాకీ దించాక టార్క్ రెంచి, క్లిక్ అన్నాక ఆపడం. గన్ను విప్పడానికే.

"గన్ను లేకుండా రోజుకి ఎన్ని బండ్లు చేస్తాం బాబాయ్?" అన్నాడు. ఈ నెల మనం చీల్చిన నట్లు లెక్కపెట్టమన్నాను. డబ్బా ఎత్తి చూసి దించేశాడు.

అక్టోబర్ 12, శనివారం, విజయదశమి

అమ్మవారి కొండ మీద జనం, ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డుకీ బంతిపూలు. పనిముట్లన్నీ కడిగి బల్ల మీద పేర్చారు. కుర్రాళ్లు గన్నుకి పెద్ద బొట్టు పెట్టి మధ్యలో నిలబెట్టారు. అడ్డు చెప్పలేదు, కష్టపడిందది. టార్క్ రెంచిని స్ప్రింగు వదులు చేసి పెట్టారా లేదా అని మాత్రం చూశాను. బిగువులోనే ఉంచితే స్ప్రింగు అలసి అంకె తప్పు చెబుతుంది. వదులు చేసే పెట్టారు.

అక్టోబర్ 16, బుధవారం

కూరగాయల బొలేరో వచ్చింది. లోడుతోనే, మార్కెట్టు నుంచి నేరుగా. "నూరు దాటి చాలా తిరిగాను సార్, రమ్మన్నారుగా" అన్నాడు. నేను రాడనుకున్న మనిషి.

టార్క్ రెంచి కుర్రాడి చేతికిచ్చాను. నాలుగు పాత స్టడ్ల నట్లూ అంగుళం కదలకుండా క్లిక్ అన్నాయి. ఐదోది, కొత్త స్టడ్డుది, పావు చుట్టు తిరిగాక అన్నది. కుర్రాడు కంగారుపడ్డాడు, వదులైపోయిందని. వదులు కాలేదు. వాషర్లతో లాగి కూర్చోబెట్టిన గాట్లు బరువు మీద తిరిగాక హబ్బులో పూర్తిగా దిగుతాయి, దిగిన మేర నట్టు దగ్గర బిగింపు తగ్గుతుంది. కొత్త స్టడ్డు తరచూ ఇలాగే చేస్తుంది. ఆ పావు చుట్టు పట్టించుకోకపోతే నట్టు మెల్లగా ఆడుతుంది, రంధ్రం అరుగుతుంది, కొన్నాళ్లకి స్టడ్డు నట్టుతోపాటే తిరుగుతుంది. అంటే పోయిన నెల ఈ బండి ఏ స్థితిలో వచ్చిందో మళ్లీ అదే స్థితికి.

డబ్బులు తీయబోయాడు, దీనికి తీసుకోనన్నాను. బండి మీద నుంచి ఒక సంచి వంకాయలు దించి వెళ్లాడు. కొత్త స్టడ్డు వేసిన బండ్ల నంబర్లు ఇకనుంచి ఈ పుస్తకం వెనక పేజీల్లో రాయాలి. రానివాళ్లకి మనమే ఫోను చెయ్యాలి. రేపు పొద్దున మొదటి పని అదే.